పంచుకోలేని మురుకుల గొట్టం

డిసెంబరు మొదటి వారం దాటిందంటే మన క్రైస్తవ గృహాలలో పండుగ సందడి మొదలవుతుంది. గోడలకు సున్నం, గుమ్మం ముందు నక్షత్రం, పిల్లలకు కొత్త బట్టలు, రాత్రిళ్లు ఇంటింటికీ తిరిగే పాటల గుంపులు. వీటన్నిటితోపాటు వంటింట్లో బాణలి పొయ్యి ఎక్కుతుంది. క్రిస్మస్ పిండివంట ఏదని ఈనాటి పిల్లలను అడిగితే కేకు అంటారు. మా చిన్నతనంలో చిత్తూరులో కేకు అంటే బేకరీ నుండి వచ్చే ఒక చిన్న ముక్క. పండుగ అంటే మాత్రం మురుకులు. ఆ తరువాతే గులాబి పువ్వులు, కజ్జికాయలు, మిగతావి. మురుకులు చేయని క్రిస్మస్‌ను మా అవ్వ అసలు లెక్కలోకే తీసుకునేది కాదు.

ఆ మురుకులు ఒత్తే గొట్టం గురించి, అది మా కుటుంబంలో చేసిన మేలు గురించి రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. వంట సామాను సంగతి సంఘ పత్రికలో ఎందుకని కొందరికి తోచవచ్చు. చదివిన తరువాత మీరే చెప్పండి.

గొట్టం, దిమ్మ, బిళ్ళ

మురుకుల గొట్టం చాలా సాదా పనిముట్టు. కోస్తా జిల్లాలవారు దీనినే జంతికల గొట్టం అంటారు. పిండి పట్టే గొట్టం ఒకటి, దాని అడుగున అమర్చే చిల్లుల బిళ్ళ ఒకటి, పైనుండి పిండిని నెట్టే దిమ్మ ఒకటి. ఈ మూడే దానిలోని భాగాలు. బిళ్ళ మారిస్తే వంటకం మారిపోతుంది. నక్షత్రం ఆకారపు కన్ను ఉంటే ముళ్ల మురుకు వస్తుంది. గుండ్రటి కన్నులు మూడు ఉంటే నున్నటి మురుకు. సన్నటి చిల్లులు చాలా ఉంటే కారప్పూస. సన్నని చీలిక ఉంటే రిబ్బన్ పకోడా.

నక్షత్రం కన్ను అందం కోసమే పెట్టారని చిన్నప్పుడు అనుకునేదాన్ని. అది నిజం కాదు. గాడులు పడిన మురుకుకు నూనె తగిలే చోటు ఎక్కువగా ఉంటుంది. అందువల్ల లోపలి తడి తొందరగా బయటికి పోయి, మురుకు లోపలిదాకా సమానంగా వేగుతుంది. కరకరలాడే గుణం అలా వస్తుంది.

మా ఇంటి కొలత ఇది. నాలుగు గ్లాసుల బియ్యపు పిండికి ఒక గ్లాసు వేయించిన మినప్పప్పు పిండి. మినప్పప్పును దోరగా వేయించి, చల్లారాక పిండి పట్టించి, మెత్తటి జల్లెడతో జల్లించుకోవాలి. రెండు పెద్ద చెంచాల వెన్న, తగినంత ఉప్పు, ఒక చెంచా వాము లేక జీలకర్ర, రెండు చెంచాల నువ్వులు. వెన్నను ముందు పొడి పిండిలో వేసి రెండు చేతులతో బాగా రుద్దాలి. పిడికిలి బిగిస్తే పిండి ముద్దకట్టి నిలవాలి. అప్పుడు కొంచెం కొంచెంగా నీళ్లు చల్లుతూ తడపాలి. వెన్న ఎక్కువైతే మురుకు నూనెలో విడిపోతుంది, తక్కువైతే రాయిలా ఉంటుంది.

ఒక జాగ్రత్త మాత్రం మరువవద్దు. పిండిలో ఉండలు మిగిలినా, గొట్టంలో నింపేటప్పుడు గాలి చేరినా, నూనెలో పడిన తరువాత లోపలి ఆవిరికి దారి దొరక్క మురుకు టప్పున పేలుతుంది. పిల్లలను పొయ్యి దగ్గర కూర్చోనివ్వకండి. గొట్టంలోకి పిండిని ముద్దలు ముద్దలుగా కాక, పొడుగ్గా ఒకే ముద్దగా చేసి దింపితే గాలి చేరదు.

దేశాలు వేరైనా

క్రిస్మస్‌కు పిండిని గొట్టంలో పెట్టి ఒత్తేది మనం ఒక్కరమే కాదు. జర్మనీలో పండుగకు ముందు వారాలలో వెన్న, చక్కెర, గోధుమ మైదా కలిపిన ముద్దను ఇలాంటి పరికరంతోనే ఒత్తి, పొయ్యిలో కాల్చి బిస్కెట్లు చేస్తారు. వాటిని స్ప్రిట్స్‌గెబెక్ అంటారు. స్ప్రిట్సెన్ అంటే ఆ భాషలో చిమ్మడం. స్వీడన్, నార్వే దేశాలలోనూ ఈ బిస్కెట్లు పండుగ వంటలే. అక్కడి నుండి వలస వెళ్లినవారితో అవి అమెరికా చేరాయి. మనం గులాబి పువ్వులు చేసే ఇనుప అచ్చులాంటిదే ఆ ఉత్తర దేశాలవారికీ ఉంది. అదీ క్రిస్మస్‌కే ఎక్కువగా బయటికి వస్తుంది.

మన తిరుపతి ప్రాంతానికి జర్మనీవారితో పరిచయం కొత్తది కాదు. 1865లో హెర్మన్స్‌బర్గ్ మిషను నుండి ఆగస్ట్ మైలియస్ అయ్యగారు సూళ్లూరుపేటకు వచ్చారు. ఆ పరిచర్య క్రమంగా తిరుపతి, శ్రీకాళహస్తి వైపు విస్తరించింది. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల జర్మనీవారు వెళ్లిపోవలసి వచ్చినప్పుడు అమెరికా లూథరన్లు ఆ బాధ్యత అందుకున్నారు. అలా పెరిగినదే 1945లో ఏర్పడిన దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘము. చిత్తూరు వైపు చరిత్ర వేరు. అక్కడ పని చేసింది స్కడర్ కుటుంబంవారు 1853లో స్థాపించిన ఆర్కాటు మిషను. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఆ సంఘాలు అందులో భాగమయ్యాయి.

ఇన్ని దేశాల నుండి ఇంతమంది దొరలు, దొరసానులు వచ్చి వెళ్లినా, మన తల్లులు క్రీస్తు జన్మదినానికి తమ ఇంట్లో ఉన్న గొట్టాన్నే బయటికి తీశారు. దీపావళికి పొరుగింటివారు వాడేదీ, సంక్రాంతికి ఎదురింటివారు వాడేదీ అదే గొట్టం. విశ్వాసం మారినంత మాత్రాన చేతి రుచి మారవలసిన పని లేదని వారికి తెలుసు.

తక్కెడలో పడిన గొట్టం

ఇక మా ఇంటి సంగతి. మా తాతకు చిత్తూరు గ్రీమ్స్‌పేటలో పొడవాటి పెంకుటిల్లు, ఊరి బయట చిన్న మామిడి తోట, అందులో ఒక బావి ఉండేవి. ఆయనకు ఇద్దరు కొడుకులు, మా పెదనాయన, మా నాయన. రెండు కుటుంబాలూ ఒకే పొయ్యి మీద వండుకుని తినేవి. మురుకుల గొట్టం మా అవ్వది. కాపురానికి వచ్చేటప్పుడు పుట్టింటి నుండి తెచ్చుకున్నది. బరువైన ఇత్తడి గొట్టం, రెండు పక్కలా పట్టుకోవడానికి పిడులు, అయిదు బిళ్ళలు. బిళ్ళలను నూనె గుడ్డలో చుట్టి ఒక పాత బిస్కెట్ల రేకు డబ్బాలో దాచేది.

ఆ గొట్టంతో ఒక్కరే పని చేయడం కష్టం. గట్టి పిండిని నాలుగు వాయిలు ఒత్తేసరికి మణికట్లు పట్టేస్తాయి. అందుకని పెద్దమ్మ ఒత్తితే అమ్మ జల్లిగరిటెతో వాయి తీసేది. కాసేపటికి ఇద్దరూ చోట్లు మార్చుకునేవారు. క్రిస్మస్‌కు ముందు రెండు రోజులు వాళ్లిద్దరికీ మాటలే మాటలు.

1968లో మా తాత ప్రభువునందు నిద్రించాడు. అంతకు ముందు ఆరు నెలలు మంచంలో ఉన్నాడు. వైద్యానికి ఎవరెంత పెట్టారన్న లెక్క దగ్గర అన్నదమ్ముల మధ్య మాట తేడా వచ్చింది. బావి నీళ్ల వంతు దగ్గర అది ముదిరింది. మరుసటి ఏడు ఎండాకాలంలో పెద్దమనుషులు కూర్చుని ఇల్లు, తోట, సామాను పంచారు. ఇంటికి నడుమ గోడ లేచింది. ఇత్తడి సామాను తక్కెడలో పెట్టి తూచారు. చివరకు మా వైపు కొంచెం తక్కువైందని, పక్కనే ఉన్న మురుకుల గొట్టాన్ని తీసి మా పళ్లెంలో వేశారు. తూకం సరిపోయింది.

బిళ్ళల డబ్బా మాత్రం చెక్క బీరువాలో ఉంది. ఆ బీరువా పెదనాయన భాగానికి వెళ్లింది. గొట్టం ఒక ఇంటికి, బిళ్ళలు ఇంకో ఇంటికి పోయాయని ఆ రోజు ఎవరూ గమనించలేదు. అవ్వ గమనించింది. కానీ నోరు విప్పలేదు. అప్పటి నుండి ఆమె ఒక నెల మా ఇంట్లో, ఒక నెల పెదనాయన ఇంట్లో ఉండేది.

డిసెంబరులో సంగతి బయటపడింది. అమ్మ పిండి పట్టించి పెట్టుకుని గొట్టం తీస్తే అడుగున బిళ్ళ లేదు. గోడ అవతల పెద్దమ్మకు బిళ్ళలున్నాయి గాని గొట్టం లేదు. అడిగితే ఇచ్చేవారేమో. కానీ ముందు అడగవలసింది ఎవరు? నాయన గొట్టాన్ని కంచరి దగ్గరికి తీసుకుపోయి కొత్త బిళ్ళ కోయించాడు. అది సరిగ్గా కూర్చోలేదు. ఒత్తితే పిండి అంచుల నుండి పైకి తన్నుకొచ్చింది. పెద్దమ్మ బజారులో రేకు గొట్టం కొనిందట. రెండో వాయికే దాని అతుకు ఊడిపోయింది. ఆ ఏడు రెండు ఇళ్లలోనూ మురుకులు లేవు. మరుసటి ఏడూ లేవు.

మురుకులు లేకపోతే ప్రాణాలు పోవు. కానీ ఆ రెండేళ్లూ గుడిలో మా నాయన ముందు బెంచీలో, పెదనాయన వెనుక బెంచీలో కూర్చునేవారు. ఆరాధన అయ్యాక ఒకరు ఈ వాకిలి నుండి, ఒకరు ఆ వాకిలి నుండి వెళ్లిపోయేవారు. 1970 క్రిస్మస్ నాడు పెదనాయన ప్రభువు బల్లకు రాలేదు. తమ్ముడి మీద ఇంత మనసులో పెట్టుకుని చెయ్యి చాపలేనని పాస్టరుగారితో చెప్పాడట. ఆ మాట అవ్వ చెవిన పడింది. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు.

1971 డిసెంబరు

పాకిస్తానుతో యుద్ధం డిసెంబరు 16న ముగిసింది. ఆ వారం వీధిలో ఎక్కడ చూసినా రేడియోల చుట్టూ జనం. అవ్వ ఆ నెల మా ఇంట్లో ఉంది. నాకప్పుడు పన్నెండేళ్లు. ఒక ఉదయం ఆమె అమ్మతో, "చిన్నమ్మీ, రెండు శేర్ల పిండి తడుపు" అనింది.

"బిళ్ళ లేకుండా దేంతో ఒత్తేది అత్తా?" అనింది అమ్మ.

"నువ్వు తడుపు. ఒత్తే సంగతి నాకు ఒదిలిపెట్టు."

పిండి తడిసిన తరువాత దాని మీద తడిగుడ్డ కప్పి, గిన్నెను నా నెత్తిన పెట్టింది. గొట్టాన్ని చీర కొంగు కింద పెట్టుకుని ముందు నడిచింది. గోడ చుట్టూ తిరిగి పెదనాయన ఇంటికి పోయాము. అవ్వ నేరుగా వంటింట్లోకి వెళ్లి పొయ్యి ముందు కూర్చుంది.

"ఏమే పెద్దమ్మీ, ఆ బిళ్ళల డబ్బా ఇట్ల ఎత్తుకొని రా. నూనె పెట్టు."

పెద్దమ్మ కొంతసేపు అట్లే నిలబడింది. తరువాత లోపలికి వెళ్లి డబ్బా తెచ్చింది. మూత తీస్తే బిళ్ళలు తళతళమంటున్నాయి. చుట్టిన గుడ్డ కూడా కొత్తది. వాడని ఇత్తడి రెండేళ్లు ఊరికే పెడితే చిలుము పడుతుంది. ఆమె వాటిని చింతపండుతో తోమి, నూనె రాసి పెడుతూనే ఉంది. మా అమ్మ కూడా గొట్టాన్ని అలాగే తోమి పెట్టేది. ఒకరు చేస్తున్నది ఒకరికి తెలియదు. అవ్వ బిళ్ళను చూసి, గొట్టాన్ని చూసి, ఏమీ అనలేదు. బిళ్ళను లోపల కూర్చోబెట్టింది. అది గట్టిగా పట్టుకుంది.

మొదటి మురుకు ఆమే ఒత్తింది. రెండోది సగంలో ఆగిపోయింది. "నా చేతుల్లో సత్తువ లేదు. పెద్దమ్మీ, నువ్వు ఒత్తు" అని గొట్టం ఆమె చేతికిచ్చి, నా వైపు తిరిగి, "పోయి మీ అమ్మను పిలుచుకొని రా, వాయి తీసేవాళ్లు లేరు" అనింది.

అమ్మ వచ్చింది. వాకిట్లో కాళ్లు కడుక్కుని గడప దగ్గర ఆగింది. పొయ్యి వైపు చూసి, "అక్కా, నూనె కాగిపోతా ఉండాది" అనింది. రెండున్నరేళ్ల తరువాత వాళ్లిద్దరి మధ్య మొదటి మాట అదే. పెద్దమ్మ పొయ్యిలో నుండి ఒక కట్టె వెనక్కి లాగి, జల్లిగరిటె అమ్మ వైపు జరిపింది.

సాయంత్రం పెదనాయన పని నుండి వచ్చి వంటింట్లోకి తొంగి చూశాడు. ఒక మురుకు తీసుకుని కొరికాడు. నన్ను పిలిచి ఒక పళ్లెం నింపి ఇచ్చి, "మీ నాయనకిచ్చి, ఉప్పు తక్కువైందని పెదనాయన అంటాండాడు, నువ్వేమంటావని అడుగు" అన్నాడు. నేను గోడ చుట్టూ పరుగెత్తి అడిగాను. నాయన ఒక మురుకు తిని, కాసేపు పళ్లెం వైపు చూస్తూ కూర్చుని, "సరిగ్గానే ఉండాదని చెప్పు. కావాలంటే ఈడికి వచ్చి తిని చూడమను" అన్నాడు. పెదనాయన వచ్చాడు.

ఆ క్రిస్మస్ నాడు అవ్వ ఇద్దరు కొడుకుల నడుమ నడిచి ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లింది. బలిపీఠము దగ్గర కానుక విడిచి ముందు సహోదరునితో సమాధానపడాలని మనం ఎన్నిసార్లు విని ఉంటాము! మా ఇంట్లో ఆ మాట నెరవేరడానికి రెండేళ్లు పట్టింది.

అంతటితో అన్నీ తీరిపోయాయని చెప్పను. బావి నీళ్ల తగవు మరో ఏడాది సాగి, దినం విడిచి దినం వంతు వేసుకోవడంతో ముగిసింది. నడిమి గోడ తీయలేదు. దానికి ఒక తలుపు మాత్రం పెట్టించారు. కానీ 1986లో మా నాయన పోయినప్పుడు, మా తమ్ముని చదువు ఆగిపోకుండా చివరి రెండేళ్ల ఫీజు కట్టింది పెదనాయనే. వైద్యం ఖర్చుల లెక్క మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

అవ్వ పెట్టిన ఏర్పాటు

ఆ రోజు రాత్రి సామాను తోమిన తరువాత పెద్దమ్మ గొట్టాన్ని, డబ్బాను రెండింటినీ అమ్మ చేతిలో పెట్టబోయింది. "నీ దగ్గరే ఉండనీ అక్కా" అని అమ్మ తిరిగి ఇవ్వబోయింది. అవ్వ అడ్డుపడింది. "గొట్టం ఈడ ఉండనీ, బిళ్ళలు ఆడ ఉండనీ. రెండూ ఒక ఇంట్లో పెట్టుకోవద్దండి. అట్ల పెట్టుకుంటే మీకు ఒకరితో ఒకరికి పని ఉండదు" అనింది. చదువు లేని మనిషి. కానీ అన్నదమ్ముల మధ్య ప్రేమ మాత్రమే చాలదనీ, ఒకరి అవసరం ఒకరికి ఉండాలనీ ఆమెకు తెలుసు.

అవ్వ 1975లో ప్రభువు సన్నిధికి వెళ్లింది. ఆ ఏర్పాటు మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. గొట్టం చిత్తూరులో మా తమ్ముని ఇంట్లో ఉంది. బిళ్ళలు తిరుపతిలో మా పెదనాయన కొడుకు, మా అన్న ఇంట్లో ఉన్నాయి. నేనూ పెళ్లయినప్పటి నుండి తిరుపతిలోనే ఉన్నాను. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది. మా గొట్టం ఒక జిల్లాలో, బిళ్ళలు ఇంకో జిల్లాలో ఉన్నాయని పిల్లలు నవ్వుతారు. క్రిస్మస్‌కు ముందు ఒక శనివారం అందరం కలుస్తాము. ఒక ఏడు వాళ్లు డెబ్బై కిలోమీటర్లు బస్సెక్కి వస్తారు, ఒక ఏడు మేము వెళ్తాము. బజారులో ఇప్పుడు స్టీలు గొట్టాలు, మర తిప్పినట్టు తిప్పేవి, ఎన్నో రకాలున్నాయి. కొనుక్కోలేక కాదు.

అమెరికా గొట్టం

2023 డిసెంబరులో మా అన్న మనుమరాలు అమెరికా నుండి వచ్చింది. సంచిలో ఒక అల్యూమినియం గొట్టం తెచ్చింది. కుకీ ప్రెస్ అంటారట. చూడగానే మా వదిన, "ఇది మన మురుకుల గొట్టమే కదమ్మా" అనింది. నిజమే, భాగాలు అవే. కానీ పైన తుపాకీ మీటలాంటి మీట ఉంది. ఒకసారి నొక్కితే ఒక బిస్కెట్టుకు సరిపడా పిండే దిగుతుంది. నక్షత్రం, చెట్టు, పువ్వు, ఇలా బిళ్ళలు పన్నెండు.

ఆ పాప చెప్పిన కొలత రాస్తున్నాను, ఓవెన్ ఉన్నవారికి పనికివస్తుంది. పావు కిలోకు కొంచెం తక్కువ వెన్న, అంటే 225 గ్రాములు. అర గ్లాసుకు కొంచెం పైగా చక్కెర పొడి. ఒక గుడ్డు సొన, చిటికెడు ఉప్పు, ఒక చిన్న చెంచా వెనిల్లా ఎసెన్సు. 280 గ్రాముల మైదా. వెన్న, చక్కెర తెల్లగా నురగలా అయ్యేదాకా గిలకొట్టి, తక్కినవి కలిపి, మైదా చివర వేయాలి. 190 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఎనిమిది నుండి పది నిమిషాలు కాలిస్తే చాలు. అంచులు మాత్రమే రంగు మారాలి.

మొదటి పళ్లెం వెన్న కరిగి అప్పడాల్లా పరచుకుపోయింది. మన వంటింటి వేడి అటువంటిది. పిండిని పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే కుదిరింది. మరీ గట్టిపడితే గొట్టంలో నుండి దిగదు. పళ్లేనికి నూనె గాని వెన్న గాని రాయకూడదు. రాస్తే పిండి పళ్లేనికి అంటుకోక గొట్టంతోపాటు లేచి వస్తుంది. కాలిన పళ్లేన్ని చల్లార్చిన తరువాతే మళ్లీ ఒత్తాలి.

మన మురుకును గట్టి పిండితో బలంగా ఒత్తి, చెయ్యి తిప్పుతూ చుట్టాలి. ఆ కుకీని మెత్తటి పిండితో ఒకే చోట ఒత్తి గొట్టం పైకెత్తాలి. అంతే తేడా. "అక్కడ నేను ఒక్కదాన్నే చేసుకుంటాను తాతమ్మా, ఒక్క చేత్తో అయిపోతుంది" అని ఆ పాప నాతో అనింది. దూరదేశంలో ఉద్యోగం చేసుకుంటున్న బిడ్డకు ఆ సౌకర్యం దేవుడిచ్చినదే. కానీ ఆ శనివారం మా తమ్ముని భార్య చిత్తూరు నుండి గొట్టం పట్టుకుని దిగిన తరువాత, ఆ పాప తన పరికరం పక్కన పెట్టి, సాయంత్రందాకా వాయిలు తీస్తూ పొయ్యి దగ్గరే కూర్చుంది. అవ్వ సంగతి మొత్తం ఆ పూటే మొదటిసారి విన్నది.

పళ్లెం వెళ్లే ఇళ్లు

చేసిన వాటిలో సగానికి పైగా ఇరుగుపొరుగుకు వెళ్తాయి. తిరుపతి వంటి ఊరిలో మన చుట్టూ ఉన్నవారిలో చాలామంది గుడ్డు ముట్టరు. వారికి పంపే పళ్లెంలో మురుకులు, కజ్జికాయలు మాత్రమే పెట్టండి. మురుకులకు కొత్త నూనె వాడి, ఆ వాయిలన్నీ ముందు తీసి పక్కన పెట్టుకోండి. గుడ్డు కలిపిన గులాబి పువ్వులు ఆ తరువాత అదే నూనెలో వేయవచ్చు. కుకీలైతే గుడ్డు సొనకు బదులు రెండు చెంచాల పాలు పోసినా వస్తాయి, కొంచెం పెళుసుగా ఉంటాయి. పంపేటప్పుడు ఏది ఎలా చేసినదో చెప్పి పంపండి. అలా చెప్పినందువల్లనే మా వీధిలో ఒక పెద్దావిడ, ఎవరింటిదీ తినని మనిషి, ఇరవై ఏళ్లుగా మా మురుకులు తింటోంది. సంక్రాంతికి ఆమె పళ్లెం అరిసెలతో తిరిగి వస్తుంది.

ప్రియ సహోదరీ సహోదరులారా, మన కుటుంబాలలో పంపకాలు జరుగుతూనే ఉంటాయి. జరగక తప్పదు. వాటితోపాటు ఎవరి గొట్టమో ఎవరింటికో, ఎవరి బిళ్ళలో ఎవరింటికో పోయి ఉంటాయి. తండ్రి ఫోటో ఒకరి దగ్గర, తల్లి పాటల పుస్తకం ఇంకొకరి దగ్గర ఉండి, అడగడానికి ముందు ఎవరు పలకాలా అని రెండు ఇళ్లూ ఎదురుచూస్తూ ఉండవచ్చు. అవతలి ఇంట్లో కూడా దానిని ఎవరో తోమి, తుడిచి, జాగ్రత్తగా పెడుతున్నారేమో ఆలోచించండి. ఈ క్రిస్మస్‌కు ముందు ఒక పూట తీరిక చేసుకుని ఆ గడప దాకా వెళ్లండి. ఏం మాట్లాడాలో తోచకపోతే పొయ్యి మీది నూనె సంగతి మాట్లాడినా చాలు. ఇంట్లో పెద్దలుంటే ఆ పనికి వారిని ముందు నడవనివ్వండి, పిల్లలను వెంట తీసుకువెళ్లండి. పెద్దలు సమాధానపడడం కళ్లారా చూసిన పిల్లలు దానిని మరువరు.

సమాధానకర్త అయిన ప్రభువు మీ ఇంటినీ, మీ అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల ఇళ్లనూ దీవించును గాక. అందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు.